మ్యాథ్స్ వద్దని బైపీసీలో చేరిన అమ్మాయి బయోమార్కర్ల వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. మా అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. మొన్న మా నాన్నగారికి ఛాతీ నొప్పి వస్తే ట్రోపోనిన్ పరీక్ష చేసి గుండెపోటని తేల్చారు. అప్పటినుంచి ‘ఇలాంటి పరీక్షలు కనిపెట్టే చదువు చదువుతా’ అంటోంది. బయోమార్కర్ల చదువుకు భవిష్యత్తు ఉందా? మ్యాథ్స్ అంటే తనకు భయం. - ఓ తండ్రి

జవాబు: ముందుగా, మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

బయోమార్కర్ అంటే శరీరంలో జరిగేదాన్ని బయటపెట్టే, కొలవగలిగే గుర్తు. ట్రోపోనిన్ గుండె కండరంలోని ప్రొటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లలో గుండెపోటు లేకపోయినా ఎక్కువగా కనిపించొచ్చు. అందుకే కొన్ని గంటల తర్వాత మళ్లీ రక్తం తీసి, పెరుగుతోందా లేదా అని చూస్తారు. షుగర్ ఉన్నవాళ్లు చేయించుకునే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) కూడా బయోమార్కరే. రక్తహీనత ఉంటే అదీ తప్పుదారి పట్టించొచ్చు. శాంపిల్ పరీక్షించి అంకె చెప్పడం ఒక పని. ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో తేల్చడం వేరే పని. మీ అమ్మాయి అడుగుతున్నది రెండోదని నాకనిపిస్తోంది.

ఆ రెండో పనికి మ్యాథ్స్ తప్పదు. ఒక చిన్న లెక్క చూడండి. 1000 మందిలో 10 మందికి ఒక జబ్బు ఉందనుకుందాం. జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టుకునే, లేని 100 మందిలో 90 మందికి లేదనే చెప్పే పరీక్ష ఒకటి ఉంది. వినడానికి బాగానే ఉంది కదా? ఆ 10 మందిలో 9 మందిని పట్టుకుంటుంది. మిగతా 990 మందిలో 99 మందికి కూడా జబ్బుందని చెబుతుంది. అంటే పాజిటివ్ వచ్చిన 108 మందిలో నిజంగా జబ్బున్నది 9 మందికే! మిగతా 99 కుటుంబాల టెన్షన్ ఊహించండి. ఈ లెక్క అర్థం చేసుకోవడానికి ఇంటర్ ఎంపీసీ అక్కర్లేదు, స్టాటిస్టిక్స్ మీద శ్రద్ధ ఉంటే చాలు. బీఎస్సీతో పాటే స్టాటిస్టిక్స్, కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకోమనండి.

బయోమార్కర్ల పేరుతో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు పోయకండి. దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా బీఎస్సీలో బయోకెమిస్ట్రీ లేదా జెనెటిక్స్ ఉన్న కాంబినేషన్ తీసుకోండి. పీజీకి ఉస్మానియా అయితే సీపీగెట్, బయోటెక్నాలజీ వైపైతే గాట్-బీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లాంటి జాతీయ పరీక్షతో ఫెలోషిప్ తెచ్చుకుని పీహెచ్‌డీ. మొత్తం దాదాపు పదేళ్ల ప్రయాణం, ఇది ఇప్పుడే తెలియాలి. ఇంట్లో త్వరగా సంపాదన కావాలంటే బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) మంచి దారి. అదీ గౌరవమైన పనే.

మీరుండే చోటు మాత్రం అదృష్టమే. హబ్సిగూడలో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్‌లోనే సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం). సీసీఎంబీలో ఓపెన్ డే (అందరూ ల్యాబ్‌లు చూడగలిగే రోజు) పెట్టినప్పుడు తప్పకుండా తీసుకెళ్లండి.

సీటు రాలేదన్న దిగులు ఇంకా ఉంటే మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పండి. ఆయన వైద్యం చదివారు. కానీ 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించింది హార్వర్డ్‌లోని బయోకెమిస్ట్రీ ల్యాబ్‌ నుంచి.

ఈ వారం ఒక పని చేయండి. తాతగారి రిపోర్టు అమ్మాయి చేతికివ్వండి. ట్రోపోనిన్ అంకె పక్కన నార్మల్ హద్దు ఉంటుంది. సాధారణంగా ఆ హద్దును ఆరోగ్యంగా ఉన్న 100 మందిలో 99 మంది లోపలే ఉండేలా పెడతారు. మరి ఆ నూరో మనిషి సంగతేంటని అడగండి. తను ఆ ప్రశ్నను వదలకుండా పట్టుకుంటే, దోస్త్‌లో బయోకెమిస్ట్రీని మొదటి ఆప్షన్‌గా పెట్టించండి.