సైడ్‌వాల్ అంటించే ముందు

చిరంజీవి కార్తీక్‌కు ఆశీస్సులు.

నువ్వు చేస్తున్న స్కీల కోర్, అంటే లోపలి చెక్క భాగం, ఫొటోలు చూశాను. పాప్లర్, మేపుల్ బద్దలు ఎక్కడా సందు లేకుండా కూర్చున్నాయి, చాలా సంతోషం వేసింది. ఇక కోర్ పక్కల పొడవునా అంటించే బద్ద, అదే సైడ్‌వాల్, దాని సంగతి. "సైడ్‌వాల్‌కి ఏదో ఒక ప్లాస్టిక్ బద్ద అంటిస్తే సరిపోదా బాబాయ్" అని అడిగావు. సరిపోదు నాన్నా. ఇంట్లో చేసిన స్కీలు నేను చూసినంతలో ముందు పాడయ్యేది అక్కడే.

మలుపు తిరిగేటప్పుడు నీ బరువంతా బూటులోంచి కోర్‌కి, అక్కణ్ణుంచి సైడ్‌వాల్ మీదుగా స్టీలు ఎడ్జ్‌కి దిగుతుంది. నవంబర్‌లో మా వాసాచ్ కొండల మీద మంచు ఇంకా పల్చగా ఉన్నప్పుడు రాయి తగిలితే ఆ దెబ్బ కాచుకునేదీ అదే. వెంట్రుకవాసి సందున్నా నీళ్లు కోర్‌లోకి దిగి చెక్క ఉబ్బుతుంది. రాత్రి స్కీలు కారులో వదిలేస్తే ఆ నీరు గడ్డకట్టి సందును ఇంకాస్త తెరుస్తుంది. అలా నెమ్మదిగా పొరలు విడిపోతాయి.

మొదటి జతకి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ తీసుకో. స్కీ అడుగున మంచుకి తగిలే బేస్‌కి వాడే పాలిథిలిన్‌తోనే సైడ్‌వాల్ కూడా చేస్తారు కొందరు. అది దెబ్బకి, చలికి ఏబీఎస్ కంటే బాగా తట్టుకుంటుంది, నిజమే. కానీ దానికి జిగురు పట్టదు. తామరాకు మీద నీటిబొట్టులా మనం వాడే ఎపాక్సీ జిగురు దాని మీద నిలవదు. గ్యాస్ టార్చి మంటను ఉపరితలం మీద వేగంగా పోనిచ్చి, ఆ వెంటనే అంటించాలి. మంట తక్కువైతే పట్టదు, ఎక్కువైతే ప్లాస్టిక్ వంకరపోతుంది. చేయి తిరిగాక చూద్దువుగాని. చెక్క సైడ్‌వాల్ అందంగా ఉంటుంది, కానీ దాని పైపూత గీసుకుపోయిన ప్రతిసారీ మళ్లీ పూయాలి. యురేథేన్ అనే ద్రవ ప్లాస్టిక్‌ని పోసే పద్ధతి కూడా ఉంది. చెక్కలో తేమ ఉంటే అది నురగ కడుతుంది, కాబట్టి దాని జోలికి ఇప్పుడే వెళ్లకు.

బద్దల్ని విడిగా ఉంచి, పొరలన్నిటినీ కలిపి నొక్కే ప్రెస్‌లో పెట్టేటప్పుడు కోర్ పక్కన చేరుద్దామని అనుకుంటున్నట్టున్నావు. అలా చేయకు. ఎపాక్సీ తడి మీద, ఒత్తిడి పడగానే అవి పక్కకి జారతాయి. ముందే కోర్‌కి అంటించెయ్. అరంగుళం వెడల్పు బద్దలు కోసుకో, కోతా రాపిడీ పోగా పావంగుళం మిగిలినా చాలు. సైడ్‌కట్, అంటే స్కీ పక్కలు నడుము దగ్గర లోపలికి తిరిగే వంపు, పెద్దదేమీ కాదు, చేత్తో వంచి క్లాంపులు దగ్గరదగ్గరగా బిగిస్తే సరిపోతుంది. మరీ గట్టిగా బిగిస్తే ఎపాక్సీ అంతా బయటికొచ్చేసి అతుకు ఎండిపోతుంది, జాగ్రత్త.

ఇలా ముందే అంటిస్తే ఇంకో మేలుంది. మధ్యలో 11 మిల్లీమీటర్ల మందం ఉన్న కోర్‌ని కొనలకొచ్చేసరికి 2 మిల్లీమీటర్లకి చిత్రిక పట్టాలి కదా, అప్పుడు చెక్క, ప్లాస్టిక్ రెండూ కలిసే తరుగుతాయి. లేకపోతే రెండింటి మధ్య చిన్న మెట్టు మిగిలిపోతుంది. ఆ మెట్టు మీద, కోర్‌కి పైనా కిందా పరిచే ఫైబర్‌గ్లాస్ ఆనదు, కింద ఖాళీ ఉండిపోతుంది. రౌటర్‌తో, అదే చెక్క చెక్కే మిషన్‌తో, ఒక్కసారే లోతుగా తియ్యకు, బ్లేడు వేడెక్కితే ఏబీఎస్ కరిగి దానికే అతుక్కుంటుంది. పొర పొరగా తియ్యి.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. కోర్‌కి అంటుకునే ముఖాన్ని శ్రద్ధగా గరుకు చేస్తారు, చిత్రిక పట్టాక పైనా కిందా నున్నగా తేలిన ముఖాల్ని అలాగే వదిలేస్తారు. ఫైబర్‌గ్లాస్ కూర్చోవాల్సింది ఆ ముఖాల మీదే! 80 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పూర్తిగా చచ్చేదాకా రుద్దు. దీపం కింద ఏటవాలుగా పెట్టి చూడు, ఎక్కడైనా తళుక్కుమంటే అక్కడ మళ్లీ రుద్దు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్ల గుడ్డతో, గుడ్డకి మురికి అంటనంతవరకు తుడువు. అసిటోన్ మాత్రం వద్దు, ఏబీఎస్‌ని కరిగించేస్తుంది. తుడిచాక ఒట్టి చేత్తో తాకకు, వేళ్ల జిడ్డు చాలు అతుకు చెడడానికి. గ్లవ్స్ నీ చర్మం కోసం కూడా తప్పనిసరి. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా వదలదు.

ప్రెస్ అయ్యాక పక్కల్ని బెల్ట్ శాండర్‌తో పదిడిగ్రీల వాలుగా దిద్దుకో. ఎడ్జ్‌కి సాన పట్టేటప్పుడు ఆకురాయికి ప్లాస్టిక్ అడ్డు రాకుండా ఉంటుంది, పైషీటు అంచు కూడా అంత తొందరగా చిట్లదు.

కోడలికి స్నోబోర్డు చేయడానికీ ఇదే పద్ధతి, వంపు కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడికొచ్చినప్పుడు ఆల్టా స్కీ రిసార్టులో స్నోబోర్డులు రానివ్వరు, అందరం స్నోబర్డ్ రిసార్టుకే వెళ్దాం.

అసలు స్కీల మీద ఎపాక్సీ కలిపే ముందు ఒక పని చెయ్. కోర్ తునకకి ఏబీఎస్ ముక్క ఇదే పద్ధతిలో అంటించి, డబ్బా మీద రాసినంత సమయం ఆరనిచ్చి, ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టు. పొద్దున ఉలి పెట్టి పీకు. ప్లాస్టిక్‌కి చెక్క పేళ్లు అంటుకుని ఊడివస్తే అతుకు బాగున్నట్టు. ప్లాస్టిక్ నున్నగా విడిపోతే మళ్లీ ఉప్పుకాగితం పట్టుకో. ఏది జరిగినా, విరిగిన ముఖం ఫొటో నాకు పంపాకే మిగతా ఎపాక్సీ కలుపు.

మీ బాబాయ్
సాల్ట్ లేక్ సిటీ