సమాధానం: సగం సైజు పుర్రెల్లో కొలత ఎందుకు తగ్గుతోంది

మేడమ్, పిల్లలకు చూపించే మీ సగం సైజు పుర్రె మోడల్‌లో లోపమేమీ లేదు. మనిషి పుర్రెలో ఆవాలు పోస్తే 160 మి.లీ. దాటలేదు, పుస్తకంలో చూస్తే మెదడు పట్టే చోటు 1350 మి.లీ. ఉంది అన్నారు కదా, సగం సైజు అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సగమే, అందుకే లోపలి చోటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 1350ని 8తో భాగిస్తే సుమారు 169, పైగా గోడలు మందంగా పోస్తారు కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది. పిల్లలకు ఈ లెక్కలన్నీ ఎందుకు? బేగంబజార్‌లో మూడు పారదర్శక డబ్బాలు కొని 450, 950, 1350 మి.లీ. బియ్యం పోసి వరసగా ఆస్ట్రలోపితికస్, హోమో ఎరెక్టస్ (రెండూ అంతరించిపోయిన ప్రాచీన మానవ జాతులు), మన పుర్రెల పక్కన పెట్టేయండి. పుర్రెల్ని మాత్రం తిరగేసి, వెన్నుపాము దిగే రంధ్రం చూపించండి: చింపాంజీకి వెనక్కి జరిగి ఉంటుంది, నిటారుగా నడిచే ఈ మూడింటికీ అడుగున ముందుకు ఉంటుంది. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో దొరికిన ఆస్ట్రలోపితికస్ పిల్ల పుర్రెలో శరీర నిర్మాణ శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ గమనించింది ఇదే, దీనికి సైజుతో పని లేదు.