అమెరికాలో ప్రభుత్వం జనాల జోలికి రాదా? లైసెన్స్ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి

“అమెరికాలో ప్రభుత్వం రోజువారీ జీవితంలో పెద్దగా తల దూర్చదట, నిజమేనా?” అని అడిగారు. మీకు ఆ మాట చెప్పింది ఎవరో సిటిజన్ అయి ఉంటారు, లేదా రెండు నెలలు పిల్లల దగ్గర ఉండి వెళ్లిన పెద్దవాళ్లయి ఉంటారు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న నాలాంటి వాళ్లను అడగాలి.

వాషింగ్టన్‌లో ఎవరు గెలిచినా అది టీవీలో చూసే సంగతి. మన బతుకును నడిపేది డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసు. ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, బ్యాంకుకు వెళ్లినా అందరూ అడిగేది ఆ కార్డునే. మేముండే సబర్బ్‌లో బస్సు లేదు, సగం రోడ్లకు ఫుట్‌పాత్ లేదు. కారు తీయకపోతే ఇంటికి పాలు కూడా రావు.

లైసెన్సులు ఎలా ఇవ్వాలో చెప్పే 2005 నాటి రియల్ ఐడీ చట్టం మాలాంటి వాళ్ల లైసెన్స్ గడువును దేశంలో ఉండే గడువుకు ముడిపెట్టింది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. హెచ్-1బీ పొడిగింపుకు అదనపు ఫీజు కడితే ప్రీమియం అనే త్వరిత పద్ధతిలో 15 పనిదినాల్లో తేలిపోతుంది. హెచ్-4కు ఆ సదుపాయం లేదు. ఒక కోర్టు ఒప్పందం పుణ్యమా అని 2023 మొదటి నుంచి రెండేళ్లపాటు భార్యాభర్తల ఫైళ్లు కలిపి చూశారు. 2025 జనవరిలో ఆ గడువు ముగిసింది. మా వీసా గడువు పొడిగింపు సరిగ్గా ఆ తర్వాతే పడింది. మా ఆయనది వెంటనే అప్రూవ్ అయింది, నాది పెండింగ్.

పొడిగింపుకు అప్లై చేసినట్టు వచ్చిన రసీదు కాగితం, పాస్‌పోర్టు, కరెంటు బిల్లు అన్నీ ఫైల్లో పెట్టుకుని, పాపను వెంటేసుకుని లైసెన్స్ రెన్యువల్‌కు వెళ్లాను. కౌంటర్లో ఆవిడ నవ్వుతూనే పలకరించింది. పాప గౌను బాగుందంది. రసీదును అటూ ఇటూ తిప్పి “ఇది అప్రూవల్ కాదు కదా” అంది. గడువులోపు అప్లై చేశాను కాబట్టి నిర్ణయం వచ్చేదాకా దేశంలో ఉండొచ్చని చెప్పాను. “ఉండొచ్చేమో, లైసెన్స్ మాత్రం ఇవ్వలేను” అంది. అదే సమయంలో పక్క కౌంటర్లో అబ్బాయి ఇంకో తెలుగావిడకు, అచ్చం అలాంటి రసీదు మీదే, కొన్ని నెలలకు పొడిగించి ఇచ్చాడు. వేలు పెట్టి చూపించాను. “ఆ కేసు సంగతి నాకు తెలియదు” అంది, అదే నవ్వుతో. చివరికి మా ఆయన సెలవు పెట్టి పక్క ఊరి ఆఫీసుకు తీసుకెళితే, అక్కడ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇచ్చేశారు.

అందుకే అంటాను, ఇక్కడ రూల్ అనేది చట్టంలో ఉండదు, ఆ పూట కౌంటర్లో ఎవరు కూర్చున్నారన్న దాంట్లో ఉంటుంది. మా నాన్నగారు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినప్పుడు కనీసం ఎవరిని పట్టుకుంటే పని అవుతుందో తెలిసేది.

ట్యాక్సులదీ అదే వరస. మన జీతం లెక్క కంపెనీ ముందే ప్రభుత్వానికి పంపుతుంది. అయినా అదే లెక్క మనమే మళ్లీ నింపాలి, అందుకు చాలామంది సాఫ్ట్‌వేర్‌కు డబ్బులు పోస్తారు. 2024లో 12 రాష్ట్రాల్లో ఉచితంగా నేరుగా ఫైల్ చేసే పద్ధతి తెచ్చారు, మరుసటి ఏడు 25 రాష్ట్రాలకు పెంచారు, ఆ తర్వాత ఎత్తేశారు. బాగున్నది ఏదీ ఉంచరు.

ఇక అన్నిటికన్నా పెద్ద జోకు. లైసెన్స్ చేతికొచ్చిన కొన్నాళ్లకు కౌంటీ కోర్టు నుంచి కవరు, జ్యూరీ డ్యూటీకి, అంటే సిటిజన్లు కోర్టులో కూర్చుని కేసు తేల్చే పనికి, రమ్మని! చాలా చోట్ల ఓటర్ల జాబితాతో పాటు లైసెన్సుల జాబితా నుంచి కూడా పేర్లు తీస్తారు. నేను ఈ దేశంలో ఉండొచ్చో లేదో తేల్చడానికి వాళ్లకు నెలలు పడుతుంది, ఎవరో నేరం చేశారో లేదో మాత్రం నేను తేల్చాలట. మా ఆయన పడీపడీ నవ్వారు, నాకు ఒళ్లు మండింది.

మీకూ అలాంటి ఉత్తరం వస్తే చెత్తబుట్టలో పడేయకండి. సిటిజన్ కాదు అన్న గడిలో టిక్ పెట్టి, సంతకం చేసి తిప్పి పంపండి. టెన్షన్‌లో రెండో గడిలో మాత్రం పెట్టకండి, సిటిజన్ కాకుండా సిటిజన్ అని రాస్తే రేపు గ్రీన్‌కార్డు దగ్గర మెడకు చుట్టుకుంటుంది.