లారీ క్యాబిన్‌కి దోమతెర

ప్రశ్న: మా వారు లారీ డ్రైవరు. రాత్రి పడక క్యాబిన్‌లోనే. అద్దం దించితే దోమలు, ఎత్తితే ఉక్క. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: నేనూ 20 ఏళ్లు స్టీరింగు పట్టినవాణ్ణేనమ్మా. కిటికీ కన్నా అన్ని వైపులా రెండంగుళాలు ఎక్కువుండేలా నైలాన్ మెష్ కత్తిరించండి. అంచు మడిచి కుట్టి, ఆ మడతలో జానెడుకొకటి చొప్పున చిన్న అయస్కాంతాలు దూర్చండి. బయటినుంచి పెడితే తలుపు రేకుకి టపటపా అతుక్కుంటుంది. మొదట్లో నేను టేపుతో అంటించా. పగటి ఎండకి జిగురు మెత్తబడి, అర్ధరాత్రి తెర నా మొహం మీద పడింది! మెష్ గాలిని కొంత ఆపుతుంది. అందుకే రెండు తలుపులకీ కట్టి, రెండద్దాలూ దించమనండి, గాలి ఇటునుంచి అటు ఆడుతుంది. బండి తీసేముందు మాత్రం తెరలు ఊడదీయాలి, లేకపోతే సైడు అద్దం సరిగ్గా కనపడదు.