బండి సంగతులు: తలకిందుల ఫోర్కు మీద మోజు

ప్రశ్న: అన్నా, నా దగ్గర 2021 మోడల్ హిమాలయన్ 411 ఉంది. ఆదివారమైతే నలుగురం కలిసి గండికోట, మైలవరం డ్యామ్ చుట్టుపక్కల రాళ్ల దారుల్లో తిరుగుతాం. మావాడొకడు కొత్త హిమాలయన్ 450 కొన్నాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే దాని తలకిందుల ఫోర్కులు చూసినప్పటి నుంచి నా బండి మీద మనసు నిలవడం లేదు. రాళ్ల మీద పోతుంటే హ్యాండిల్ చేతుల్ని కొట్టేస్తోంది. బెంగళూరులో పాత కేటీఎం 390 అడ్వెంచర్ ఫోర్కుల సెట్టు దొరుకుతోంది. వేయించుకోమంటారా?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: తమ్ముడూ, అడ్వాన్సు ఇవ్వలేదు కదా? ఇవ్వకుంటే ఆగిపో.

నీ బండి ముందు చక్రం పైకీ కిందికీ ఆడే దూరం 200 మి.మీ. మీవాడి 450కీ అంతే. నువ్వు తెచ్చుకోవాలనుకుంటున్న ఆ పాత 390 ఫోర్కుది 170. అంటే చేతి డబ్బు పెట్టి 30 మి.మీ. పోగొట్టుకుంటావన్నమాట. 2025లో వచ్చిన కొత్త 390 అడ్వెంచర్‌కు 200 ఇచ్చారు, అది వేరే సంగతి. పైగా ఆ పాత ఫోర్కు ఇరుసు వేరు, బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌ను బిగించే తీరు వేరు. ఆ పాత 390 ముందు చక్రం 19 అంగుళాలు, నీది 21. హ్యాండిల్ కింద ఫోర్కు గొట్టాల్ని పట్టి ఉంచే టీ దగ్గర్నుంచి మొదలుపెట్టి లేత్ షాపు చుట్టూ తిరగాల్సిందే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఇలాంటి మార్పుల్ని ఒప్పుకోదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది దాన్నే.

తలకిందుల ఫోర్కులో గొప్ప లేదని నేననను. అందులో లావు గొట్టం పైన టీలో ఉంటుంది, సన్న గొట్టం చక్రం వైపు ఉంటుంది. బ్రేకు గట్టిగా పట్టినా, రాయి పక్కనుంచి తగిలినా ఫోర్కు మెలి తిరగదు, హ్యాండిల్ చెప్పినట్టు వింటుంది. వేగంగా తోలేవాడికి ఆ తేడా తెలుస్తుంది. ఆదివారం ముప్పై నలభైలో పోయేవాడికి తెలుస్తుందని మాత్రం నేను అనుకోను.

మన సీమలో ఇంకో తంటా ఉంది. తలకిందుల ఫోర్కులో మెరిసే గొట్టమూ, నూనె బయటికి కారకుండా ఆపే ఆయిల్ సీలూ రెండూ కింద, చక్రం పక్కనే ఉంటాయి. చక్రం ఎగజిమ్మే కంకరంతా దాని మీదికే. ప్లాస్టిక్ గార్డు ఉన్నా నాపరాయి దుమ్ము ఆగుతుందా? ఒకసారి బెలుం గుహల దగ్గర క్వారీ దారిలో అలాంటి బండి తోలాను, నాది కాదు, అడిగి తీసుకున్నది. ఎక్కడ గీత పడిందో తెలియదు, సీలు కారడం మొదలైంది. నూనె తిన్నగా కిందికి జారి బ్రేకు ప్యాడ్లలోకి పోయింది. తాడిపత్రి వచ్చేసరికి ముందు బ్రేకు లివర్ నొక్కితే బండి నవ్వుతున్నట్టుంది. ప్యాడ్లు, సీళ్లు నా డబ్బుతోనే వేయించి అప్పగించాను. నీ ఫోర్కులో సీలు పైన, రబ్బరు బూటు లోపల దాక్కుని ఉంటుంది. అది చాలా నెమ్మదిగా పోతుంది.

ఇక అసలు సంగతి. నీ చేతుల్ని కొట్టేది ఫోర్కు ఎటు తిరిగి ఉందన్నది కాదు, లోపల నూనె ఎలా కదులుతోందన్నది. మామూలు ఫోర్కులో ఒక రాడ్డుకు చిల్లులుంటాయి, నూనె వాటిలోంచే పోవాలి. సూది మందు సిరంజి గుర్తు తెచ్చుకో. మెల్లగా నొక్కితే జారుతుంది, గబుక్కున నొక్కితే బిగుసుకుంటుంది. వేగం రెండింతలైతే ఆ అడ్డు దాదాపు నాలుగింతలు. రాతి అంచు తగిలినప్పుడు జరిగేది ఇదే: ఫోర్కు మునగదు, దెబ్బ నీ మణికట్టుకు వస్తుంది. ఖరీదైన ఫోర్కుల్లో పలచని స్టీలు రేకుల దొంతర ఉంటుంది. దెబ్బ గట్టిగా తగిలితే ఆ రేకులు వంగి నూనెకు దారిస్తాయి. కొందరు మెకానిక్కులు చిక్కటి ఆయిల్ పోస్తే బాగుంటుందంటారు. రాళ్లలో అది ఇంకా కొడుతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేను ఇంజన్ ఆయిలే పోసేవాణ్ణి, తిట్లు కూడా తిన్నాను.

ముందు టైరులో గాలి చూసుకో. మన బంకుల్లో అడగకుండానే 35 కొట్టేస్తారు. కంపెనీ చెప్పినంతే ఉంచు. మరీ తగ్గిస్తే ట్యూబు నలిగి పంచరవుతుంది. తర్వాత రబ్బరు బూటు పైకి జరిపి, మెరిసే గొట్టానికి ఒక జిప్ టై బిగించు. మెయిన్ స్టాండు వేసి వెనక ఒకరిని నొక్కమంటే ముందు చక్రం లేస్తుంది. అప్పుడు టైని సీలుకు ఆనించు. స్టాండు తీసి, హెల్మెటూ బూట్లతో నెమ్మదిగా కూర్చుని దిగు. మళ్లీ చక్రం లేపి కొలిస్తే, టై 55 నుంచి 65 మి.మీ. దాకా జరిగి ఉండాలి. 80 దాటిందా, నీ బరువుకు స్ప్రింగు మెత్తన. స్ప్రింగు పైన ప్యాకింగు వేస్తే స్ప్రింగు గట్టిపడదు, బండి మూతి కాస్త లేస్తుంది, అంతే. గట్టి స్ప్రింగే వేయించాలి. ఫోర్కు ఆయిల్ ఎప్పుడు మార్చావో గుర్తులేకపోతే వెంటనే మార్పించు. రాళ్లలో తిరిగే బండికి నేనైతే పదివేల కిలోమీటర్లకే మారుస్తాను. గ్లాసుతో కొలిచి పోయనివ్వకు. స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా అణచి, పై అంచు నుంచి నూనె మట్టం రెండింటిలో ఒకేలా ఉందో లేదో స్కేలుతో చూడమను.

మీవాడికి కూడా ఒక మాట చెప్పు. సీలు కొద్దిగా చెమ్మగా కనిపిస్తే వెంటనే మార్చక్కర్లేదు. పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కత్తిరించి సీలు అంచులో తిప్పితే ఇరుక్కున్న ఇసుక బయటికొస్తుంది. నాకు సగం సీళ్లు అలాగే బాగయ్యాయి.

ప్రశ్న: నాది హీరో ఎక్స్‌పల్స్ 200. ప్రో మోడల్లో ముందు చక్రం ఆడే దూరం 250 మి.మీ. ఇచ్చారట. దానికి మారనా? ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు.
– ఆదోని పాఠకుడు

జవాబు: నీ బండికి 190 ఉంది. ప్రో ఫోర్కు నిజంగా మంచిదే, లోపలి బిగింపులన్నీ మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కానీ దాని సీటు ఎత్తు 891 మి.మీ. వానాకాలం మీ నల్లరేగడిలో బండి ఆగిందంటే కాలు ఎక్కడ ఆనిస్తావు? షోరూములో కాదు, వాలుగా ఉన్న నేల మీద ఒకసారి ఎక్కి దిగి, అప్పుడు మళ్లీ రాయి.