కృష్ణుడంటే ఆ ముఖమే ఎందుకు? – ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఎన్.టి. రామారావు గారు కృష్ణుడి పాత్ర కోసమే పుట్టారని మొదటి పేరాలోనే తేల్చేశావు. అభిమానులు ఆ మాట అంటే ముచ్చటగానే ఉంటుంది గాని, వ్యాసం రాసేవారు అంటే మాత్రం కృష్ణుడంటే మనకు ఆయన ముఖమే ఎందుకు గుర్తొస్తుందని నువ్వు ఎత్తుకున్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

జరిగిన సంగతి వేరు. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు ‘ఇద్దరు పెళ్ళాలు’లో ఆయన కృష్ణుడిగా కాసేపు కనిపిస్తే జనం మెచ్చలేదు. మళ్ళీ ఆ వేషం వేయడానికి వెనకాడిన ఆయనను ‘మాయాబజార్’ దర్శకులు కె.వి. రెడ్డి గారు ఒప్పించి, కిరీటంతో మొదలుపెట్టి ఆహార్యమంతా కొత్తగా తీర్చిదిద్దించారు. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్‌లే గారు ఆ ముఖానికి తగిన వెలుగు అమర్చారు. మనిషి ఆయనే, ముఖమూ అదే. మరి ఈ మూడేళ్ళలో ఏం మారిందో నువ్వు విప్పి చెప్పాలి.

సినిమాకు ముందు మన ఊళ్ళలో కృష్ణుడంటే ఒక గొంతు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు నాటకం ఆడే రాత్రి, పందిరి చివర కూర్చున్నవారికి నటుడి కళ్ళు కనిపించేవి కావు. అందుకే పద్యం ఎత్తుకున్న తీరునూ రాగం తీసిన తీరునూ బట్టి పీసపాటి వారు గొప్పా, షణ్ముఖి వారు గొప్పా, ఈలపాట రఘురామయ్య గారు గొప్పా అని వాదించుకునేవారు, నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవారు. తెర మీద పద్యం ఘంటసాల గారిదైపోయింది, నటుడికి ముఖం మిగిలింది. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పేటిక ఘట్టం మళ్ళీ చూడు. ఎవరికి ఏది అత్యంత ప్రియమో అదే కనిపించే ఆ పేటికలో కృష్ణుడికి శకుని కనిపిస్తాడు. జరగబోయేదంతా ఎరిగినవాడనీ, ఎరిగి కూడా పెదవి విప్పనివాడనీ ప్రేక్షకుడికి ఆ చిరునవ్వే చెప్పాలి. వేదిక మీద ఎంతటి మహానటుడికైనా అందని అవకాశం అది. గొంతు ఏలిన చోటికి ముఖం వచ్చి కూర్చున్న ఆ మలుపులోనే నీ వ్యాసానికి ప్రాణం ఉందని నా నమ్మకం.

ఆ తరువాత ఆయన అదే వేషం సినిమా తరువాత సినిమాలో వేశారు. ఆ రూపం క్యాలెండర్లకెక్కి గోడల మీదికి చేరింది. తిరుపతి యాత్రకు వెళ్ళినవారు మద్రాసులో ఆయన ఇంటి ముందు దర్శనానికి నిలబడ్డారు. ఇవి అందరూ రాసేవే కనుక ఒక వాక్యంలో దాటెయ్యి.

పదే పదే వేయడమే కారణమంటావేమో, ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు ఆ వాదానికి అడ్డం వస్తాడు. ఒక్క సినిమాతోనే ఆ పాత్ర ఆయనదైపోయింది. ‘వివాహ భోజనంబు’ పాడిన గొంతు మాధవపెద్ది సత్యం గారిదైనా మన కళ్ళకు కట్టేది రంగారావు గారే. ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చిన ఘట్టాల్లో సావిత్రి గారి నడకనూ, భుజాలు విరిచే తీరునూ గమనించు: అక్కడ మనకు రంగారావు గారే కనిపిస్తారు. మరో నటి తన ఒంటి మీదికి తెచ్చుకోగలిగినంత స్పష్టంగా ఆయన ఆ రాక్షసుడికి ఒక కదలిక ఏర్పరిచారు.

మిగతా కృష్ణులను చిన్నచూపు చూడకు. 1963లో ‘నర్తనశాల’లో రామారావు గారు అర్జునుడైతే కృష్ణుడు కాంతారావు గారు, ఎంతో హుందాగా నటించారు. 1977 సంక్రాంతికి శోభన్ బాబు గారు కృష్ణుడిగా ‘కురుక్షేత్రం’, రామారావు గారి ‘దానవీరశూరకర్ణ’ ఒకే రోజు విడుదలయ్యాయి. రెండోదానిలో ఆయన కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు కూడా. ఒకే ముఖం దుర్యోధనుడిగా దేన్ని పొంగనిచ్చిందో, కృష్ణుడిగా దేన్ని అణచుకుందో శబ్దం తీసేసి చూసి రాయి. నువ్వు తిరగరాసి పంపే ప్రతిలో నేను ముందుగా వెతికేది ఆ పేరానే.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి