రైలింజనులో ఇసుక ఎలా నింపుతారు?

ప్రశ్న: వానలో అరకు ఘాట్ ఎక్కుతున్న రైలింజను చక్రాల ముందు ఇసుక రాలడం చూశాను. దాన్ని ఇంజనులో ఎలా నింపుతారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తడిసిన పట్టాలపై ఉక్కు చక్రం పట్టు తప్పి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది కనుక, ఇసుకపెట్టెల నుంచి గాలి పీడనంతో గొట్టాల ద్వారా చక్రానికీ పట్టాకూ మధ్య ఇసుకను చిమ్ముతారు. ఆ ఇసుక పూర్తిగా పొడిగా ఉండాలి; చెమ్మ తగిలితే ముద్దకట్టి గొట్టం పూడుకుపోతుంది. ఆవిరి ఇంజన్లలో చాలావాటికి ఇసుక గుమ్మటాన్ని బాయిలరు మీదే అమర్చడంలోని తెలివి అదే, ఆ వేడికి ఇసుక పొడిగా ఉండేది.

జల్లించి ఆరబెట్టిన ఇసుకను బకెట్లతో మోసుకెళ్లి పెట్టెలో పోయడం పాత పద్ధతి. యంత్రపద్ధతిలో ఇసుకను గాలి పీడనంతో ఎత్తయిన తొట్టెలోకి పంపుతారు. అక్కడి నుంచి వేలాడే గొట్టం కొసనున్న నాజిల్‌ను పెట్టె మూతికి తగిలించి మీట తిప్పితే, ఇసుక తన బరువుతోనే జరజరా జారి పెట్టెలోకి దిగుతుంది. దుమ్మును వెనక్కి లాగే గొట్టం కూడా ఉన్న యంత్రాలనే నేను గట్టిగా సమర్థిస్తాను, ఎందుకంటే సన్నని సిలికా ధూళిని ఏళ్ల తరబడి పీల్చిన కార్మికుడికి సిలికోసిస్ రావచ్చు, ఆ జబ్బుతో పాడైన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు.